ముందు సీటులో నమ్రత

పోయిన వారం మనం వాళ్లని హ్యారిస్‌విల్ పార్కులో, మిట్టమధ్యాహ్నం ఎండలో వదిలేసి వచ్చాం. గౌరి "తియ్యకు నమ్రతా, తియ్యకు" అంటూ వ్యాన్ అవతలి వైపు నుంచి పరుగెత్తుకొస్తోంది. ఈలోపే నమ్రత చెయ్యి ఐస్ బాక్స్ మూత మీద పడింది.

మధ్యలో కలిసినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు వెళదాం. నోవైలో ఉండే కొందరు తెలుగువాళ్లు హ్యూరన్ సరస్సు ఒడ్డు వెంబడి మాకినా వంతెన దాకా సైకిళ్ల మీద బయల్దేరారు. ఇది మూడో రోజు. ఈ గుంపుకి పెద్ద లక్ష్మీపతి. ఆయన భార్య గౌరి వ్యాన్ నడుపుతూ అందరి సామానూ తిండీ మోసుకొస్తోంది. తక్కినవాళ్లంతా ఎవరి సైకిల్ మీద వాళ్లు. శ్రీధర్, నమ్రతలది మాత్రం ఇద్దరూ కలిసి తొక్కే టాండెమ్. అతను ముందు, ఆమె వెనక. వాళ్లని చూసి దారిలో ముక్కూమొహం తెలియని అమెరికన్లు కూడా ముచ్చటపడి చేతులూపుతున్నారు. ఈ యాత్ర అయిపోగానే ఆ జంట విడిపోబోతోందని మనకి తెలుసు. శ్రీధర్ ఒకటో తారీఖున వేరే అపార్ట్‌మెంట్‌కి మారిపోతాడు. ఈ సంగతి గుంపులో ఎవరికీ తెలియదు. షికాగోలో చదువుకుంటున్న కూతురు రిషితకి కూడా తెలియదు. వంతెన చేరాక, ఇంటికెళ్లాక, ఫోన్‌లో నెమ్మదిగా చెబుదామని ఇద్దరూ అనుకున్నారు.

నమ్రత మూత తీసింది. మొదటి సీసా టప్పున పేలింది.

ఇందులో తప్పెవరిదీ అంటే గౌరిదే అనాలి, అనడానికి మనకి మనసు రాదు కానీ. నిన్న లక్ష్మీపతి మజ్జిగ తాగుతూ, చప్పగా ఉంది, పులవలేదోయ్ అన్నాడు. ఆ మాట ఆవిడకి గుచ్చుకుంది. పొద్దున్నే అల్లం, ఇంగువ, పచ్చిమిర్చి దట్టించి, ఖాళీ కోక్ సీసాల్లో మజ్జిగ నింపి, వ్యాన్ అద్దం దగ్గర ఎండలో పేర్చింది. బాగా పులిసిందని నమ్మకం కుదిరాక మూతలు బిగించి తీసుకెళ్లి ఐస్ బాక్స్‌లో పెట్టింది. ఐస్ ఎప్పుడో కరిగిపోయింది. ఒక సీసా పేలేసరికి పక్కది, దాని పక్కది. నమ్రత మొహం మీద కరివేపాకు అతుక్కుంది. సైకిళ్లు దిగుతున్నవాళ్లు మజ్జిగ తాగుదామని వచ్చి మజ్జిగలో తడిశారు. అంతా పడీపడీ నవ్వుతుంటే గౌరి ఒక్కతే నవ్వలేదు. బాక్స్‌లో చేతులు పెట్టి, అడుగు నుంచి ఓ తడి తువ్వాలు మూట పైకి తీసి, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది. మూటలోంచి మజ్జిగ ఓడుతోంది.

"ఇంకేం సర్‌ప్రైజమ్మా, నా మొహం," అంది.

తువ్వాలులో రెండు పూలదండలున్నాయి. గులాబీలూ కార్నేషన్లూ కలిపి గౌరి తన చేతులతో కట్టినవి. దాచడానికి ఇంకేమీ మిగల్లేదు కాబట్టి ఆవిడ అక్కడే నిలబడి అంతా చెప్పేసింది. ఇవాళ శ్రీధర్, నమ్రతల పెళ్లిరోజు, ఇరవై అయిదో పెళ్లిరోజు. వాళ్లిద్దరూ నోరెత్తకపోయినా తక్కినవాళ్లు మరిచిపోలేదు. సాయంత్రం ఆల్పీనా క్యాంపులో షెడ్ బుక్ చేశారు. లక్ష్మీపతి సంస్కృతం మంత్రాలు నాలుగు బట్టీ పట్టాడు. దండలు మార్పించి, అక్షింతలు వేసి, పాయసం తినిపించాలని పథకం.

నమ్రత మొహం మీది కరివేపాకు తీసుకుంది. అందరూ తనవైపే చూస్తున్నారని తెలిసి నవ్వింది. గౌరిని కావలించుకుని, చాలా బాగున్నాయి గౌరక్కా అని కూడా అంది. ఆ దండల మీద వేసిన చెయ్యి మాత్రం వెంటనే వెనక్కి తీసుకుంది. పెళ్లిరోజని ఆమెకి పొద్దున్నే గుర్తుంది. అతనికి గుర్తుందో లేదో తెలియలేదు, అడగలేదు. గౌరి ఆ దండల్ని పార్కులో కుళాయి కింద కడిగి, వ్యాన్ వెనక సైకిళ్లు తగిలించే రాడ్‌కి ఆరేసింది. అవి గాలికి ఊగుతూ అక్కడే ఉన్నాయి, ఎటు తిరిగినా కంటబడుతూ.

తక్కినవాళ్లు పులిహోర ముందు కూర్చున్నప్పుడు ఆమె శ్రీధర్‌ని సరస్సు ఒడ్డుకి తీసుకెళ్లింది. నీళ్లు ప్రశాంతంగా ఉన్నాయి. ఎవరో పిల్లలు రాళ్లు విసురుతున్నారు.

ఇది జరగనివ్వకూడదు, అని ఆమె మొదలుపెట్టింది. ఇష్టపడి పూలు కట్టుకొచ్చిన మనిషి ముందు మెడ వంచి దండ వేయించుకోవడం, వారం తిరక్కుండా విడిపోయామని చెప్పడం, ఇది మోసం అంది. గౌరక్క మొహం మళ్లీ ఎలా చూడగలం అంది. సాయంత్రం లోపల మనమే చెప్పేద్దాం, నువ్వైనా సరే, నేనైనా సరే. లేకపోతే నోరు మూసుకుని దండలు వేసుకుందాం. రెంటిలో ఏదో ఒకటి తేల్చుకుందాం, నువ్వేమంటావో చెప్పు అంది.

శ్రీధర్ వరంగల్ మనిషి, మాట తక్కువ. మాట్లాడాల్సి వచ్చినప్పుడల్లా ముందు చేతులు తుడుచుకుంటాడు. ఇప్పుడూ జెర్సీకి చేతులు తుడుచుకున్నాడు.

"నీ ఇష్టం," అన్నాడు.

ఈ రెండు మాటలు నమ్రత ఎన్నిసార్లు విందో లెక్కలేదు. టెక్సస్ నుంచి మిషిగన్ మారదామా అంటే నీ ఇష్టం. ఇల్లు కొందామా అంటే నీ ఇష్టం. రిషిత కాలేజీకి వెళ్లిపోయాక ఇల్లు బావురుమంటుంటే, సాయంత్రం ఏం వండను అని అడిగినా అదే. అతను బేస్‌మెంట్‌లో ఆఫీస్ పెట్టుకున్నాడు, ఆమె పైన. అన్నం పెట్టనా అని వాట్సాప్‌లో అడిగేది, ఆ అని జవాబొచ్చేది. ఒకే కప్పు కింద అలా రెండేళ్లు గడిచాయి. ఇవాళ ఈ సరస్సు ఒడ్డున కూడా అదే మాట వినేసరికి ఆమెకి ఒళ్లు మండిపోయింది.

"నా ఇష్టమేనా? సరే. అయితే ముందు సీట్లో నేను కూర్చుంటాను."

అతను తెల్లబోయి చూశాడు. టాండెమ్‌లో ముందు కూర్చున్నవాళ్ల చేతిలోనే హ్యాండిల్, బ్రేకులు, గేర్లు అన్నీ ఉంటాయి. వెనకవాళ్లకి పెడల్ తొక్కడం తప్ప చేతిలో ఏమీ ఉండదు. నమ్రత ఒకే ఒక్కసారి ముందు కూర్చుంది, నోవైలో తమ వీధిలోనే, అప్పుడు నేరుగా పక్కింటివాళ్ల మెయిల్‌బాక్స్‌కి గుద్దింది. ఇది హైవే, బోట్లు లాక్కెళ్లే ట్రక్కులు పోతుంటాయి అని అతను చెప్పబోయాడు. మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. నీ ఇష్టం అన్నవాడు మళ్లీ కాదనడం ఎలా?

లక్ష్మీపతి రెంచీ తెచ్చి సీట్లు ఎత్తూ పల్లం సరిచేశాడు. పెళ్లిరోజు కదా, సరదా పడుతున్నారనుకున్నాడు పాపం. నమ్రత పార్కింగ్ లాట్‌లో వంకరటింకరగా నాలుగు చుట్లు తిప్పింది. పొడుగు మనిషి శ్రీధర్ వెనక చిన్న హ్యాండిల్ పట్టుకుని, మోకాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అవస్థ పడ్డాడు. అందరూ ఫొటోలు తీశారు. తర్వాత తక్కినవాళ్లు ముందుకెళ్లిపోయారు. వీళ్లిద్దరూ అందరికన్నా వెనక, వీళ్ల వెనక గౌరి వ్యాన్, వ్యాన్ వెనక ఊగుతూ దండలు.

టాండెమ్‌కి ఒక పద్ధతి ఉంది. వెనకవాళ్లకి రోడ్డు కనిపించదు కాబట్టి ముందున్నవాళ్లు కనిపించిందల్లా నోటితో చెప్పాలి. గుంట వస్తే గుంట అనాలి, బ్రేక్ వేసే ముందు బ్రేక్ అనాలి, తొక్కడం ఆపితే ఆపుతున్నా అనాలి. వెనకవాళ్లు ప్రతిదానికీ ఆ అని పలకాలి. చెప్పకుండా బ్రేక్ వేస్తే వెనకవాళ్ల కాళ్లు విరుగుతాయి. ఇప్పుడు ఆ పని నమ్రత మీద పడింది. గులకరాళ్లు, అంది. ఆ, అన్నాడు. ట్రక్ వస్తోంది, పక్కకి. ఆ. ఎత్తు, గేర్ మారుస్తున్నా. ఆ. పైన్ చెట్ల మధ్య రోడ్డు తిన్నగా సాగుతోంది. ఉత్తరం గాలి ఎదురొచ్చి కొడుతోంది. కొంతసేపటికి ఆమె భుజాలు కిందికి దిగాయి. వెనక బరువు సరిగ్గా తనతోపాటే ఒరుగుతోందని, తను ఎటు వంగితే అటు వస్తోందని ఆమెకి తెలిసింది. అతను ఎదురు తిరగడం లేదు, వెనక్కి లాగడం లేదు. నమ్మి కూర్చున్నాడు. అది ఆమెకి నచ్చింది. నచ్చినందుకు కోపం కూడా వచ్చింది.

వెనక నుంచి అతనే మొదలుపెట్టాడు. మనిషి మొహం ఎదురుగా లేకపోతే కొందరికి నోరు పెగులుతుందేమో.

"ఇక్కడినుంచి నీ వీపు తప్ప ఏం కనిపిస్తలేదు," అన్నాడు. "మూడు రోజులు నువ్వు ఇదే చూసినవా?"

"మూడు రోజులేంటి శ్రీ. ఎన్నేళ్ల నుంచో అదే చూస్తున్నాను."

ఆమెకి కూడా ముందు రోడ్డే కనిపిస్తోంది, అతని మొహం కనిపించడం లేదు. అందుకే ఆమె ధైర్యం చేసి ఆగకుండా చెప్పుకుపోయింది. ఈ మూడు రోజులూ నువ్వు ముందు కూర్చుని గుంట, బ్రేక్, కుక్క, ఎత్తు అంటుంటే నాకెంత సంతోషంగా ఉందో తెలుసా అంది. నువ్వు నాతో ఇన్ని మాటలు మాట్లాడి ఎన్నాళ్లయిందో. అవన్నీ రోడ్డు గురించే కదా, అయినా రాత్రి పడుకున్నాక అవే తలుచుకున్నాను అంది. చెబుతూ చెబుతూ నవ్వింది, కళ్లు తుడుచుకోవడానికి హ్యాండిల్ వదలడం కుదరలేదు.

తర్వాత అడిగింది. రెండు నెలలుగా అడగాలనుకుంటూ అడగనిది.

"ఆ బొటనవేలు ఎందుకు పెట్టావ్?"

సంగతేమిటంటే, విడిపోదామన్న మాట నమ్రతే ముందు రాసింది. ఎదురుగా అనే ధైర్యం లేక వాట్సాప్‌లో రాసింది. మనం ఇలా ఉండటం కన్నా విడిగా ఉంటే నయమేమో, నువ్వేమంటావ్ అని. రాసి, మంచం మీద కూర్చుని ఫోన్ చేత్తో పట్టుకుని చూస్తూనే ఉంది. కింద బేస్‌మెంట్‌లో అతను టైప్ చేస్తున్నట్టు కనిపించింది. ఆగిపోయింది. మళ్లీ టైప్ చేస్తున్నాడు. మళ్లీ ఆగింది. చివరికి ఒక్క బొటనవేలి బొమ్మ వచ్చింది, సరే అన్నట్టు. పాతికేళ్ల కాపురానికి అదీ జవాబు.

శ్రీధర్ పెడల్ తొక్కుతూనే ఉన్నాడు.

"ఎందుకు అని రాసిన," అన్నాడు చివరికి. "తుడిచేసిన. నేనేం చేసిన అని రాసిన. అదీ తుడిచిన. తర్వాత ఆలోచించిన. హైదరాబాద్‌ల నాకన్నా మంచి ఉద్యోగం నీది. నా కోసం వదులుకుని వచ్చినవ్. ఎటు పోదామంటే అటు వచ్చినవ్. నాకిది కావాలని ఒక్కనాడు నోరు తెరిచి అడగలేదు. మొదటిసారి ఒకటి అడుగుతున్నవ్. అది కూడా ఇయ్యకపోతే నేనేం మనిషిని అనుకున్న. నువ్వడిగిందేదీ నేను కాదనలేదు నమ్రతా. నాకు తెలిసిన ప్రేమ అదే."

నమ్రతకి రోడ్డు మసకబారింది. గాలి వల్ల కాదు.

"నువ్వు కాదంటావనే అడిగాను," అంది.

ఆ మాట అనడంలో ఆమె ఎదురుగా ఉన్న గుంట గురించి చెప్పడం మరిచిపోయింది. చక్రం దిగబడింది, సైకిల్ ఎగిరిపడింది, ఇద్దరూ కలిసి రోడ్డు పక్క గడ్డిలోకి దూసుకుపోయారు. పడలేదు. ఎలా పడలేదో ఇద్దరికీ తెలియదు. సరిగ్గా ఒకే క్షణంలో ఇద్దరూ కాళ్లు కింద పెట్టారు. సైకిల్ మధ్యలో నిలబడింది. ఆమె వెనక్కి తిరగలేదు. అతను దిగలేదు. దగ్గర్లో ఎక్కడో ఎవరో గడ్డి కోస్తున్న మిషన్ చప్పుడు వినిపిస్తోంది.

"గుంట," అన్నాడు శ్రీధర్.

ఆమెకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. పాతికేళ్లు కలిసి బతికిన ఇద్దరు మనుషులు, ఒకరు అడగకూడనిది అడిగారు, ఒకరు ఇవ్వకూడనిది ఇచ్చారు, ఇద్దరూ ఎదుటివాళ్ల మంచికే అనుకున్నారు. ఇంత చిన్న సంగతి చెప్పుకోవడానికి వీళ్లకి హ్యూరన్ సరస్సు దాకా రావలసి వచ్చింది. ఇంట్లో సోఫా మీద కూర్చుని చెప్పుకోవచ్చుగా అని మనం అడగొచ్చు. అడగడం తేలికే.

"ఇప్పుడడిగితే?" అంది నమ్రత, హ్యాండిల్‌కేసి చూస్తూ. "ఇప్పుడు మళ్లీ అదే అడిగితే ఏమంటావ్?"

వెనక అతను జెర్సీకి చేతులు తుడుచుకుంటున్న చప్పుడు ఆమెకి వినిపించింది. సరిగ్గా అప్పుడే గౌరి వ్యాన్ వాళ్ల పక్కకొచ్చి ఆగింది. గౌరి తల బయట పెట్టి, ఏమైందర్రా, పంక్చరా, దెబ్బలేమైనా తగిలాయా, నీళ్లు తాగండి, మజ్జిగ మాత్రం లేదు అంటూ దిగేసింది. అద్దంలోంచి తను చూస్తూనే ఉన్నానని, సైకిల్ ఎగిరినప్పుడు తన గుండె ఆగిపోయిందని చెబుతూ ఇద్దరి మోచేతులూ తడిమి చూసింది. ఆవిడ ముందు ఇంకేం మాట్లాడతారు. వ్యాన్ ఎక్కేయండి అంటే నమ్రత ఒప్పుకోలేదు. మళ్లీ ఆమే ముందు కూర్చుంది.

ఆల్పీనా దాకా వాళ్లు రోడ్డు గురించి తప్ప మాట్లాడుకోలేదు. కానీ ఆమె గుంట అన్నప్పుడల్లా అతను ఆ అనడం మానేసి, చూసుకో తల్లీ అనడం మొదలుపెట్టాడు. ఆ మాట పెళ్లైన కొత్తలో, హైదరాబాద్‌లో, తన స్కూటర్ వెనక ఆమె ఎక్కేటప్పుడు అనేవాడు. ఆమెకి అది గుర్తుంది. ఇంకో పది మైళ్లు ఉంటే బాగుండుననిపించింది. కాళ్లు మాత్రం వద్దంటున్నాయి.

క్యాంపులోకి తిరిగేసరికి అంతా దారికి రెండు వైపులా నిలబడి సైకిల్ బెల్లులు మోగించారు. షెడ్ స్తంభాలకి లైట్లు చుట్టారు. లక్ష్మీపతి పంచె కట్టుకుని, పైన సైకిల్ జెర్సీ వేసుకుని, చేతిలో అక్షింతల గిన్నెతో సిద్ధంగా ఉన్నాడు. వెనకే వ్యాన్ ఆపిన గౌరి దండలు రాడ్ నుంచి తీసి పళ్లెంలో పెట్టుకుంది. అవి కాస్త వాడాయి, ఇంగువ వాసన పూర్తిగా పోలేదు, అయినా అందంగానే ఉన్నాయి. అప్పుడు గౌరి చిన్నపిల్లలా కళ్లు మెరిపిస్తూ, మజ్జిగ నా సర్‌ప్రైజ్ సగమే పాడుచేసింది, మిగతా సగం ఉంది అంది.

షెడ్ లోపలి నుంచి రిషిత వచ్చింది.

కూతురు షికాగో నుంచి నోవై వెళ్లి, అక్కడినుంచి కార్లో వచ్చిందట. గౌరి ఆంటీ చెప్పినట్టే అమ్మ పట్టుచీర, నాన్న పంచె ఇంట్లోంచి తెచ్చిందట. గౌరి ఇదంతా పక్కనుంచి చెబుతూనే ఉంది. నమ్రత వినడం లేదు. రిషిత చేతుల మీద తన పెళ్లిచీర ఉంది. పిల్ల కళ్లు వాచి ఉన్నాయి. దారంతా ఏడుస్తూ డ్రైవ్ చేసిన పిల్ల మొహం అది, తల్లికి చూడగానే తెలిసిపోయింది.

గౌరి, ముందు దండలు మార్చుకోండి, ముచ్చట్లు తర్వాత అంటూ పళ్లెం ముందుకు చాపింది. రిషిత మధ్యలోకొచ్చి నిలబడింది.

"వన్ మినిట్, ఆంటీ." సైకిల్ దగ్గరికి నడిచి వచ్చింది. గొంతు బాగా తగ్గించింది, అయినా బెల్లులు ఆగిపోవడంతో అందరికీ వినపడింది. "అమ్మా, గరాజ్‌లో ఆ బాక్సెస్ ఏంటి? అన్నీ నాన్నవే. నాన్న స్వెటర్స్, నాన్న బుక్స్, ఆ పాత టీ కప్ కూడా. నువ్వే ప్యాక్ చేశావ్, నీ హ్యాండ్‌రైటింగ్ నాకు తెలుసు. నాన్న ఎక్కడికి వెళ్తున్నాడు?"

గౌరి చేతిలో పళ్లెం అలాగే గాల్లో ఉంది. లక్ష్మీపతి అర్థం కాక అందరి మొహాలూ చూస్తున్నాడు.

నమ్రత ఇంకా ముందు సీటులోనే ఉంది. రెండు చేతులూ బ్రేకుల మీద ఉన్నాయి. మధ్యాహ్నం నుంచి ప్రతి రాయీ, ప్రతి గుంటా నోటితో చెప్పుకుంటూ వచ్చింది, ఇప్పుడు ఏం చెప్పాలో తెలియలేదు. నిజం చెబితే పిల్ల ఇక్కడే కూలిపోతుంది. అబద్ధం చెబితే ఆ వాచిన కళ్లు నమ్మవు. అసలు నిజం ఏమిటో, రోడ్డు పక్క గడ్డిలో అడిగిన ప్రశ్నకి జవాబేమిటో ఆమెకే తెలియదు. ఇక నోరు తెరిస్తే అతను వెనక నుంచి నీ ఇష్టం అంటాడేమోనని భయం వేసింది. ఆ మాట ఇంకొక్కసారి వింటే తను తట్టుకోలేదు.

సైకిల్ కదిలింది. వెనక సీటు తేలికైంది. శ్రీధర్ దిగి, ముందుకు నడిచి, ఆమెకీ కూతురికీ మధ్య నిలబడ్డాడు. ఈసారి చేతులు తుడుచుకోలేదు.

"అమ్మని అడగకు బిడ్డా," అన్నాడు. "నేను చెప్త."